బొమ్మ లేని రూపాయి స్టాంపు

హైదరాబాదు సంస్థానం 1927లో ఒక రూపాయి స్టాంపు వేసింది. పసుపు రంగు. దాని మీద నిజాం ముఖం లేదు, చార్మినార్ లేదు, పువ్వు లేదు, పిట్ట లేదు. ఉన్నదంతా ఒకదానిలో ఒకటి అల్లుకుపోయిన అక్షరాలు, వాటి చుట్టూ నగిషీ. ‘పోస్ట్ అండ్ రిసీట్’ అని ఇంగ్లీషులో ఒక మాట ఉంటుంది. అంటే ఉత్తరానికైనా అంటించుకోవచ్చు, రసీదు మీదైనా అంటించుకోవచ్చు. అయిదేళ్లు తిరక్కుండానే, 1931లో, సంస్థానం మరో రూపాయి స్టాంపు తెచ్చింది. దాని మీద దౌలతాబాదు విజయస్తంభం నిటారుగా నిలబడి ఉంటుంది. రంగు మాత్రం మళ్లీ పసుపే.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, మన తెలుగునాట స్టాంపులు పోగుచేసే వాళ్లని ఏది బాగుందని అడిగి చూడండి. ఎక్కువమంది విజయస్తంభానికే ఓటేస్తారు. మొదటిదాన్ని ‘అదేదో రెవెన్యూ స్టాంపులా ఉంది’ అని పక్కకి నెట్టేస్తారు. పాతికేళ్లుగా ఈ వ్యాపకంలో ఉన్నవాణ్ణి కాబట్టి ఆ మాట చాలాసార్లు విన్నాను. కొద్దిమంది మాత్రం మొదటిదాన్నే చేతిలోకి తీసుకుని, భూతద్దం కోసం జేబు తడుముకుంటారు. ఖరీదైన స్టాంపు మీద బొమ్మ ఉండాలా, ఉత్త గీతలూ అక్షరాలూ చాలా అన్న తగువు ప్రపంచమంతటా ఉంది. మన తెలుగువాళ్లకి అది హైదరాబాదు స్టాంపులతో మొదలవుతుంది. నా లెక్కలో ఆ తగువు అందం గురించి కాదు, చదవడం గురించి.

ముందు ఖరీదైన స్టాంపుకి అంత విలువ ఎందుకో చెప్పాలి. మనం చదువుకునే రోజుల్లో ఆల్బం ఉన్న ప్రతివాడికీ చిన్న వెల స్టాంపులు కుప్పలుగా ఉండేవి. కార్డుల మీదవీ, కవర్ల మీదవీ ఇంట్లోనే దొరికేవి. వేడినీళ్లలో నానబెట్టి, ఊడదీసి, పాత పేపర్ల మధ్య ఆరబెట్టుకునేవాళ్లం. అయిదు రూపాయలదీ పది రూపాయలదీ ఎక్కడ దొరుకుతుంది? అవి ఇన్స్యూర్డ్ పార్సిళ్ల మీదా, విదేశాలకి వెళ్లే బరువు కవర్ల మీదా ఉంటాయి. పార్సిలు విప్పేవాడు గుడ్డతో సహా చింపి పారేస్తాడు. కొత్తది కొనాలంటే ఆ రోజుల్లో పది రూపాయలు ఓ సినిమా, ఓ హోటలు భోజనం, ఇంకా చిల్లర. అందుకే 1965 నాటి ట్రాంబే అణు రియాక్టరు పది రూపాయల స్టాంపు ఉన్న కుర్రాడు అప్పట్లో క్లాసులో జమీందారు కింద లెక్క. సెట్టు పూర్తవడమంటే పై వెల దొరకడమే. అంత ఎదురుచూసి సంపాదించిన స్టాంపు మీద చూడ్డానికి ఏమీ లేకపోతే ఎవరికైనా ఉసూరుమనిపిస్తుంది. బొమ్మ కావాలన్నవాళ్ల బాధ అక్కడిది. దాన్ని నేను చిన్నబుచ్చను.

ఇక హైదరాబాదు సంగతి. సంస్థానం మొదటి స్టాంపు 1869లో వచ్చింది, ఒక అణాది. మరుసటి ఏడు అర్ధణాదీ రెండణాలదీ వచ్చాయి. సన్నని గీతలతో, మధ్యలో ఖాళీలతో, ఎముకలు లెక్కపెట్టేలా ఉన్న ఆ రెండింటికీ ఇంగ్లీషు సేకర్తలు ‘స్కెలిటన్’ అని పేరు పెట్టారు. ఇవాళ్టికీ కేటలాగుల్లో ఆ పేరుతోనే ఉన్నాయి. 1871లో లండన్‌లోని బ్రాడ్‌బరీ విల్కిన్సన్ కంపెనీ చెక్కిన ప్లేట్లతో అసలైన వరుస మొదలైంది. అర్ధణా నుంచి పన్నెండణాల దాకా అన్నిటికీ ఒకటే నమూనా: నడుమ పర్షియన్ లిపిలో సర్కారు పేరు, చుట్టూ వెల. రంగులు తప్ప తేడా లేదు. అదే నమూనా ముప్పై ఏళ్ల పైచిలుకు నడిచింది. 1905లో నమూనా మారింది, 1915లో మళ్లీ మారింది, బొమ్మ మాత్రం రాలేదు. మన పసుపు రూపాయి ఆ వంశంలో చివరి పెద్దకొడుకు.

ఇప్పుడు ఆ 1871 స్టాంపు అంచుని భూతద్దంతో చూడండి. వెల నాలుగు భాషల్లో ఉంటుంది. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ, నాలుగోది తెలుగు. బ్రిటిష్ ఇండియా మామూలు స్టాంపుల మీద తెలుగు అక్షరం ఒక్కటంటే ఒక్కటి లేని రోజుల్లో, మన గోదావరి జిల్లాల్లో విక్టోరియా రాణి తల అంటించుకుని ఉత్తరాలు వేస్తున్న రోజుల్లో, వరంగల్లులోనో నల్లగొండలోనో ఒక రైతు రసీదు మీద తెలుగులో వెల రాసి ఉన్న స్టాంపు ఉంది. అక్షరాలు చాలా చిన్నవి, చెక్కినవాడు లండన్ మనిషి కాబట్టి ఒంపులు మన ఒంపుల్లా ఉండవు. అయినా తెలుగే. నాలుగింటిలో కన్నడానికి చోటు దొరకలేదు. రాయచూరు, గుల్బర్గా వైపు వాళ్లకి ఆ ఫిర్యాదు ఉంటే న్యాయమే.

అందుకే ఈ స్టాంపుల్ని నైరూప్యం అనడానికి నాకు నోరు రాదు. ఎవరికి నైరూప్యం? పర్షియన్ లిపి రాని లండన్ సేకర్తకి అది అస్థిపంజరం. కచేరీలో కూర్చున్న మున్షీకి అది చక్కగా చదువుకునే రాత. అతనికి ఆ వంపుల్లో దస్తూరీ ఎంత ముచ్చటగా ఉందో కూడా తెలుస్తుంది. చదవలేని రాత మన కంటికి గీతలుగా కనబడుతుంది. మనకి తెలిసిన లిపి అదే కాగితం మీద ఓ మూల ఉన్నా, ‘ఇదంతా ఉర్దూ’ అనుకుని చూడం. మన వైపు సేకర్తల్లో ఏళ్ల తరబడి హైదరాబాదు స్టాంపులు దగ్గర పెట్టుకుని, వాటి మీద తెలుగు ఉందని తెలియనివాళ్లు నాకు తెలుసు. కేటలాగులో ఉన్న మాట అది. కానీ కేటలాగులో ధర చూసినంత శ్రద్ధగా మిగతా వివరం ఎవరు చదువుతారు?

చదివిన కొద్దిమందికి మాత్రం ఈ స్టాంపులు గనే. 1870 అర్ధణాలో ఒక అక్షరం ఎగిరిపోయిన ప్రతులున్నాయి. తర్వాతి వాటిలో నడిమి రాతలో రెండో అక్షరం తోక కిందికి జారిపోయినవి ఉన్నాయి. బొమ్మలో ఆకు ఒకటి తగ్గితే ఎవరికీ పట్టదు. రాతలో అక్షరం తగ్గితే మాట మారిపోతుంది. వెయ్యి స్టాంపుల కట్ట ముందేసుకుని ఆ జారిన తోక కోసం వెతికే మనిషికి సాయంత్రం ఎప్పుడైందో తెలియదు. బొమ్మల సేకర్త ఒక్క స్టాంపు దొరికితే తృప్తిపడతాడు, రాతల సేకర్తకి ఒక్కటి దేనికీ చాలదు. ఇద్దరి పెళ్లాలకీ ఈ తేడా బాగా తెలుసు.

నిజాం స్టాంపుల మీద బొమ్మ ఎందుకు లేదంటే, మతం ఒప్పుకోదు కాబట్టి అని ఠక్కున జవాబు చెబుతారు. నాకది సగం జవాబుగానే తోస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలోనే, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, హైదరాబాదు నాణెం మీదికి చార్మినార్ వచ్చేసింది. ద్వారంలో ఆయన పేరుకి గుర్తుగా ‘మీమ్’ అక్షరం ఉండేది. ఉస్మాన్ అలీఖాన్ వచ్చాక అక్కడ ‘ఐన్’ చేరింది. అంటే కట్టడం బొమ్మ వేసుకోవడానికి అభ్యంతరం లేదు, నాణెం మీద వేసుకున్నారు కూడా. స్టాంపు మీదికి రావడానికి మాత్రం ఇంకో పాతికేళ్లు పైనే పట్టింది. ముఖం సంగతంటారా, మన కోనసీమ వాళ్లకి వేరే సాక్ష్యం అక్కర్లేదు. మన తరంలో రాజోలు, మలికిపురం వైపు ఏ ఇంటికెళ్లినా గల్ఫు ఉత్తరాలే. కువైట్ అమీరు, ఒమన్ సుల్తాను మనకి ఆల్బంలో చుట్టాలు. ముస్లిం పాలకులందరూ ముఖం వేయించుకోవడానికి వెనకాడలేదు. హైదరాబాదు నిజాములు వెనకాడారు, 1950లో సంస్థానం తపాలా మూతపడే దాకా ఒక్క స్టాంపు మీద కూడా తమ ముఖం వేసుకోలేదు. ఏడో నిజాం పాలన రజతోత్సవానికి 1937లో వేసిన నాలుగు స్టాంపుల మీద కూడా యునానీ ఆసుపత్రి, ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం, జూబిలీ హాలు ఉన్నాయే గాని ఆయన లేడు. ఆయన పిసినారితనం గురించి కథలు చెప్పుకునేవాళ్లు ఈ విషయం కూడా ఓసారి చెప్పుకుంటే బాగుండును.

ఆ కాలంలో మన గోదావరి మీద మూడు తపాలాలు ఉండేవని చాలామందికి గుర్తుండదు. ఎగువన నిజాం రాజ్యం. ఇక్కడ మనది మద్రాసు రాష్ట్రం, అంటే బ్రిటిష్ ఇండియా తపాలా. ఏటి అవతల యానాం, ఫ్రెంచి వాళ్లది. ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి లేని రోజుల్లో పంటు దాటితే స్టాంపు మారిపోయేది, డబ్బూ మారిపోయేది. 1923 తర్వాత అక్కడ రూపాయికి ఎనిమిది ఫనాలు, ఫనానికి ఇరవై నాలుగు కాసులు. హైదరాబాదు రూపాయి వేరు, దాన్ని హాలీ సిక్కా అనేవారు, ఏడు హాలీలకి సుమారు ఆరు బ్రిటిష్ కల్దార్లు వచ్చేవి. పై వెల స్టాంపు మీద ఏం వెయ్యాలన్న ప్రశ్నకి ఒకే నది ఒడ్డున మూడు ప్రభుత్వాలు మూడు జవాబులు చెప్పాయి.

బ్రిటిష్ వాడి జవాబు రాజు. అయిదో జార్జి స్టాంపులు ఇరవై అయిదు రూపాయల దాకా ఉన్నాయి, కింది నుంచి పై దాకా అదే తల. ఆరో జార్జి కాలం వచ్చేసరికి, 1937లో, మధ్య వెలల మీద చక్కని బొమ్మలు వేశారు. రెండణాల మీద తపాలా రన్నరు, మూడణాల మీద టాంగా, నాలుగణాల మీద రైలు, పన్నెండణాల మీద విమానం. రూపాయి దగ్గరికి రాగానే బొమ్మలు ఆగిపోయాయి, మళ్లీ రాజు తల ఒక్కటే. ఎద్దుబండికి రెండున్నర అణాల వరకే అనుమతి, ఆ పైన దొరగారే.

ఫ్రెంచి వాళ్లు 1914లో తమ భారత స్థావరాలకి రెండు బొమ్మలు వేశారు. తక్కువ వెలలకి ఒక దేవుడి విగ్రహం, కేటలాగులు బ్రహ్మ అంటాయి. ఎక్కువ వెలలకి పుదుచ్చేరి దగ్గరి గుడి. 1929లో కొత్త వెలలతో అవే బొమ్మలు మళ్లీ వచ్చాయి. యానాంలో ఉత్తరం వేసినవాడు కూడా ఆ పుదుచ్చేరి గుడినే నాకి అంటించాడు. యానాం బొమ్మ లేదు, మాహే బొమ్మ లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, స్వేచ్ఛా ఫ్రాన్సు పక్షాన వచ్చిన స్టాంపుల మీద ఎడ్మండ్ డ్యూలాక్ గీసిన తామరపువ్వు ఉంటుంది. అది ఏ ఊరి చెరువులోనైనా పూసేదే. నాకు ఫ్రెంచి ఇండియా స్టాంపులన్నిటిలోకీ అదే ఇష్టం.

నిజాం జవాబు రాత అని చెప్పుకున్నాం. మరి ఆ స్టాంపులు మన ఇళ్లలోని పాత ఉత్తరాల కట్టల్లో ఎందుకు దొరకవు? సంస్థానం స్టాంపు సంస్థానం లోపలే చెల్లేది. వరంగల్లు నుంచి అమలాపురం రావలసిన ఉత్తరం అక్కడే ఉన్న బ్రిటిష్ తపాలా కార్యాలయానికి వెళ్లి బ్రిటిష్ స్టాంపు అంటించుకుని రావాలి. అందుకని మన తాతల పెట్టెల్లో రాజు తలలు తప్ప ఏమీ దొరకలేదు. తెలుగు అక్షరమున్న స్టాంపు మొదటి ముద్రణ నుంచి చివరి దాకా మన గడప తొక్కలేదు.

1931 బొమ్మల వరుసకి వద్దాం. ఇక్కడే అసలు గమ్మత్తు ఉంది. నాలుగు పైలు, ఎనిమిది పైల కింది వెలలకి పాత పద్ధతిలో రాతే ఉంచారు. అణా నుంచి బొమ్మలు. అణా మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్ సాగర్, ఎనిమిదణాల మీద అజంతా గుహల ముఖద్వారం, పన్నెండణాల మీద బీదరు కళాశాల, రూపాయి మీద దౌలతాబాదు స్తంభం. ఉస్మాన్ సాగర్ దగ్గర ఓ నిమిషం ఆగుతాను, వృత్తి అలాంటిది. 1908 మూసీ వరదలో నగరం కొట్టుకుపోయాక విశ్వేశ్వరయ్య గారు వచ్చి ఇచ్చిన సలహా ఫలితం ఆ జలాశయం. 1920లో పూర్తయింది. పదకొండేళ్ల వయసున్న ఆనకట్టని అజంతాతో ఒకే వరుసలో నిలబెట్టిన సర్కారు మీద ఇంజనీరుగా నాకు గౌరవం ఉంది. నెహ్రూ గారు ఆనకట్టల్ని ఆధునిక దేవాలయాలనడానికి చాలా ముందు సంగతి ఇది.

సరే, ఆ జాబితా మళ్లీ చదవండి. మూడు బొమ్మలు హైదరాబాదు నగరానివీ దాని పొలిమేరవీ. అజంతా, దౌలతాబాదు మరాఠ్వాడావి, ఇవాళ మహారాష్ట్రలో ఉన్నాయి. బీదరు ఇవాళ కర్ణాటకలో ఉంది. వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ, మహబూబ్‌నగరు జిల్లాలకి ఒక్క స్టాంపూ లేదు. సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగు. రాతల స్టాంపు మీద ఆ భాషకి మిగతా వాటితో సమానంగా ఓ అంచు దక్కింది. బొమ్మల స్టాంపు వచ్చేసరికి ఆ జిల్లాలు బయట నిలబడ్డాయి. కాకతీయ తోరణం స్టాంపు మీదికి రావడానికి 1947 దాకా ఆగవలసి వచ్చింది. అదీ మూడణాల స్టాంపు మీద, సంస్థానం తపాలాకి ఇంకా మూడేళ్లే ఆయుష్షు ఉందనగా. ఇది ఎవరో కక్షగట్టి చేశారని నేననను. బొమ్మ వెయ్యాలంటే ఏదో ఒక ఊరిని ఎంచాలి, ఎంచితే మిగతా ఊళ్లు మిగిలిపోతాయి. ఆరు బొమ్మల్లో పదహారు జిల్లాల్ని ఇమడ్చడం ఎవరి తరమూ కాదు. రాతకి ఆ ఇబ్బంది లేదు, ఇంకో భాష కావాలంటే ఇంకో అంచు చూసుకోవాలంతే.

ఈ మాట సేకర్తల మధ్య అన్నప్పుడల్లా నాకో ఎదురుదెబ్బ తగులుతుంది. ‘రాత చదవడం రాని పల్లెటూరివాడికి ఈ అంచులో తెలుగు ఏం ఉపయోగం? వాడికి చార్మినార్ తెలుసు, బొమ్మ చూసి ఇది మన సర్కారు స్టాంపని పోల్చుకుంటాడు’ అని. గట్టి వాదనే. అక్షరాస్యత అంతంతమాత్రమైన కాలంలో బొమ్మే అందరి భాష. చిన్న వెల స్టాంపుకి, అంటే పోస్టుకార్డు వేసే జనం వాడే స్టాంపుకి, నేనూ బొమ్మకే ఓటేస్తాను. హైదరాబాదు సర్కారు సరిగ్గా దానికి తలకిందులుగా చేసింది. జనం వాడే నాలుగు పైలకి రాత ఉంచి, వకీళ్లూ వర్తకులూ వాడే రూపాయికి బొమ్మ పెట్టింది. 1914లో ఫ్రెంచి వాళ్లు కూడా మంచి గుడిని పై వెలకే దాచారు. 1957లో నయాపైసలు వచ్చినప్పుడు మన స్వతంత్ర ప్రభుత్వమూ అదే దారిన పోయింది. పైసల స్టాంపులన్నిటి మీదా ఒకే భారతదేశం పటం, రూపాయి దాటినవాటికి పంచవర్ష ప్రణాళిక బొమ్మలు. పటం స్టాంపులు మన ఆల్బముల్లో పేజీలు నింపడానికి తప్ప ఎందుకూ పనికిరావని పెద్ద సేకర్తలు కూడా అంటుంటారు. ఎవరి చేతికి ఎక్కువసార్లు వెళ్తుందో దానికే తక్కువ శ్రమ పెట్టడం అన్ని ప్రభుత్వాలకీ ఉన్న అలవాటు.

పై వెలకి గీతలూ రాతే నయమనడానికి నా దగ్గర ఇంకో కారణం ఉంది, అది ముద్రణకి సంబంధించింది. స్టాంపంటే డబ్బు. అణా స్టాంపుని దొంగచాటుగా అచ్చువేసేవాడికి కూలి గిట్టదు, రూపాయి స్టాంపుకి గిడుతుంది. దాన్ని అడ్డుకోవడానికి మొదటి నుంచీ రెండు ఆయుధాలున్నాయి. ఒకటి మనిషి ముఖం. కంటికొసన వెంట్రుకవాసి తేడా వచ్చినా మనం ‘ఏదో తేడాగా ఉందే’ అంటాం, చెట్టులోనో గోపురంలోనో అంత తేడా వస్తే పోల్చలేం. రెండోది యంత్రం గీసిన గీతల అల్లిక. 1840లో ఇంగ్లండులో వచ్చిన ప్రపంచపు మొదటి స్టాంపు పెన్నీ బ్లాక్‌లో రెండూ ఉన్నాయి. రాణి తల అందరికీ కనబడుతుంది. ఆ తల వెనక పెర్కిన్స్ బేకన్ కంపెనీ యంత్రం చుట్టిన సన్నని గీతల జాలీని ఎవరూ పట్టించుకోరు. నైరూప్య చిత్రం అనేదేదో స్టాంపు మీదికి నిన్నగాక మొన్న వచ్చిందనుకునేవాళ్లు ఆ జాలీని చూడాలి. నిజాం స్టాంపుల మీద ముఖం లేదు కాబట్టి ఆ కావలి పని రాత చేసింది. దస్తూరీ ఎరిగిన మున్షీకి దొంగ అక్షరం, దొంగ ముఖంలాగే కనబడిపోతుంది. ఒక గోపురం బొమ్మకి ఆ శక్తి లేదు.

అమెరికాలో ఉన్న మన బ్యాచిల వాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకో మాట. 2012 చివర్లో అక్కడి తపాలా శాఖ ఒకటి, రెండు, అయిదు, పది డాలర్ల స్టాంపులు వేసింది, ‘వేవ్స్ ఆఫ్ కలర్’ అని పేరు. వాటి మీద మనిషి లేడు, గద్ద లేదు, రాకెట్టు లేదు. రంగుల అలలు, నోటు మీద ఉండే మెలికల్లాంటి గీతలు, వాటి నడుమ అంకె. తర్వాత రేఖాగణితంతో అల్లిన పువ్వుల వరుస కూడా పై వెలలకే వచ్చింది. అక్కడి సేకర్తల్లోనూ గోడ కాగితంలా ఉందన్నవాళ్లున్నారు, ఇన్నాళ్లకి ఒక స్టాంపు స్టాంపులా ఉందన్నవాళ్లున్నారు. నేను రెండో జట్టు. కాకపోతే హైదరాబాదు రూపాయి పక్కన పెడితే అవి నాకు కాస్త పలచగా కనిపిస్తాయి. అలల్లో చదవడానికి అంకె తప్ప ఏమీ లేదు. పసుపు రూపాయిలో గీత ప్రతిదీ ఒక అక్షరంలో భాగం.

పోలీసు చర్య జరిగిన తర్వాత కూడా హైదరాబాదు తపాలా ఏడాదిన్నర నడిచింది. 1950 ఏప్రిల్ 1న భారత తపాలాలో కలిసిపోయింది. అప్పటికి మన కొత్త దేశపు పై వెల స్టాంపులు వచ్చేశాయి. 1948లో గాంధీగారి పది రూపాయలది, 1949లో కుతుబ్‌మినార్ పది రూపాయలదీ, పాలిటానా గుడి పదిహేను రూపాయలదీ. 1949 వరుసలో అజంతా ఉంది, కోణార్కం ఉంది, సాంచి ఉంది, బీజాపూరు ఉంది. పదహారు వెలల్లో తెలుగు గడ్డ మీది కట్టడం ఒక్కటీ లేదు. బొమ్మల పంపకంలో ఇలా జరగడం మనకి అలవాటైపోయింది కాబట్టి అప్పట్లో ఎవరూ గొడవ చేసినట్టు లేరు.

పసుపు రూపాయి ఇవాళ అరుదైనదేమీ కాదు, పెద్ద ధరా పలకదు. 1871 వరుసలోని అర్ధణా, అణా అయితే మరీ చవక, హైదరాబాదు స్టాంపుల దుకాణాల్లో వందల కట్టలుగా దొరుకుతాయి. మన పూర్వ విద్యార్థుల్లో ఖమ్మం, వరంగల్లు వైపు వియ్యమందినవాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడి పాత ఇళ్లలో, అటకల మీది ట్రంకుపెట్టెల్లో, నిజాం కాలపు ఉత్తరాలూ అప్పు పత్రాలూ రసీదులూ ఇంకా ఉంటాయి. స్టాంపుని కాగితం నుంచి ఊడదియ్యకండి, నీళ్లలో అసలే వెయ్యకండి, ఆ కాగితంతో ఉంటేనే దాని కథ తెలుస్తుంది. భూతద్దం పెట్టి అంచులన్నీ చూడండి. వెల తెలుగులో కనబడితే ఒక ఫొటో తీసి మన వాట్సాప్ గ్రూపులో పెట్టండి. రెండో అక్షరం తోక కిందికి జారి ఉంటే మాత్రం గ్రూపులో పెట్టకుండా ముందు నాకు ఫోన్ చెయ్యండి.